పొల్లయినను సున్నయైనను: పాత అనువాదపు రిఫరెన్సు బైబిలుతో ఒక ఏడాది

గుంటూరులో మా లూథరన్ సంఘానికి చెందిన పదిమందిమి ప్రతి గురువారం సాయంత్రం ఒకరి ఇంట్లో కూడి బైబిలు చదువుకుంటాము. గత సంవత్సరం ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాలలో ఆ కూడికలో ఒక్క మాట దగ్గర చదువు ఆగిపోయింది. ఉద్యోగ విరమణ చేసిన మాస్టారు ఒకరు చేతిలోని ప్రతిని పైకెత్తి, "దేవుని వాక్యమంటే ఇదే, ఇందులోని ప్రతి అక్షరమూ ఆయన పలికించినదే" అన్నారు. నర్సుగా పనిచేసే ఒక చెల్లెలు, "దేవుని వాక్యమంటే యేసు ప్రభువు కదండీ మాస్టారూ, ఈ లేఖనాలు తనను గురించి సాక్ష్యమిస్తున్నాయని ఆయనే అన్నారు కదా" అని నెమ్మదిగా అడిగింది. "అలాగైతే రేపు మనకు కష్టమనిపించిన వచనాన్ని పక్కన పెట్టేయవచ్చునా అమ్మా?" అని ఆయన, "పక్కన పెట్టమని నేను అనలేదండీ, దేనిని దేనితో తూచాలో అడుగుతున్నాను" అని ఆమె. ప్రార్థన చేసుకొని విడిపోయాము గాని నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఇద్దరూ నాకు ఆప్తులు, ఇద్దరూ బైబిలును ప్రాణంగా చూసుకునేవారు, ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే అనువాదం.

మరుసటి వారం ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణానికి వెళ్లి, సంఘాలలో ఓ.వి. అని పిలుచుకునే పాత అనువాదానికి రిఫరెన్సులు చేర్చిన ప్రతిని కొన్నాను. అంతకుముందు నా దగ్గర ఉన్నది వచనాలు మాత్రమే ఉండే చిన్న ప్రతి. ఈ ఏడాది కాలంలో కొత్త ప్రతిని ఆది నుండి ప్రకటన వరకు ఒకసారి, కొన్ని భాగాలను పదేపదే చదివాను. దేవుని వాక్యం అంటే ఏమిటి, దానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది అనే ప్రశ్నతో కుస్తీ పడుతున్న తెలుగు పాఠకునికి ఈ ప్రతి ఎంతవరకు తోడ్పడుతుందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

పుస్తకం రూపం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. కాగితం పలుచన, అక్షరం చిన్నది, పేజీకి రెండు వరుసలు. రిఫరెన్సుల అంకెలు మరీ చిన్నవి కావడం వలన అరవై దాటినవారికి భూతద్దం కావాలి. ఎనిమిదో నెలలో కీర్తనల దగ్గర కుట్టు వదిలింది. బైండింగు చేసే ఒక పెద్దాయన దారంతో మళ్లీ కుట్టి, గట్టి అట్ట వేసి ఇచ్చారు. రోజూ వాడేవారు కొన్న వారమే ఆ పని చేయించుకోవడం మంచిది.

రిఫరెన్సు బైబిలు చేసే పని పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఒక వచనం పక్కన, అదే మాట లేదా అదే భావం వచ్చే మరికొన్ని వచనాల చిరునామాలు ఇస్తుంది. అంతకుమించి ఒక్క వాక్యమైనా తన సొంతంగా చెప్పదు. అయితే ఈ మౌనం వెనుక ఒక సిద్ధాంతం ఉంది. లేఖనానికి అర్థం చెప్పే తప్పులేని ప్రమాణం లేఖనమే అని 1640లలో ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్‌లో సమకూర్చిన విశ్వాస ప్రమాణం మొదటి అధ్యాయంలోనే చెబుతుంది. ఒక చోట అర్థం మసకగా ఉంటే, స్పష్టంగా ఉన్న మరో చోటికి వెళ్లి చూడాలన్నది ఆ మాటకు ఆచరణ. మన సంఘాలలో పాస్టర్లు "లేఖనమే లేఖనాన్ని విప్పుతుంది" అని చెప్పే మాట ఈ ప్రతిలో ప్రతి పేజీ అంచునా అంకెల రూపంలో ఉంది. ఆ అంకెలు కూడా మూలగ్రంథంలోనివి కావు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్థిరపడింది. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలను రొబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేశాడు. ఆ సంఖ్యలు లేకపోతే రిఫరెన్సు బైబిలు అనేదే ఉండదు. అయితే ఒక వచనాన్ని దాని ముందువెనుకల నుండి విడదీసి వాదానికి ఆయుధంగా పట్టుకోవడం కూడా ఆ సంఖ్యలతోనే సులువైంది. అందుకే ఈ ప్రతిని వాడేటప్పుడు నేనొక నియమం పెట్టుకున్నాను: పక్క వచనానికి వెళ్లినప్పుడు ఆ ఒక్క వచనంతో తిరిగి రాకుండా, దాని చుట్టూ ఉన్న పేరా అంతా చదివి వస్తాను.

మా గురువారపు వివాదానికి మూలమైన "వాక్యము" అనే మాటతోనే మొదలుపెట్టాను. తెలుగు క్రైస్తవుల నోట ఈ ఒక్క మాట మూడు బరువులు మోస్తుంది. "వాక్యం చదివాను" అంటే బైబిలు చదివాను అని, "ఈ ఆదివారం వాక్యం ఎవరు చెబుతున్నారు?" అంటే ప్రసంగం ఎవరిది అని, "ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను" అంటే క్రీస్తు. ఈ మూడు అర్థాలలో దేనిని ఎప్పుడు వాడుతున్నామో మనం సాధారణంగా ఆలోచించము. మాస్టారు మొదటి అర్థంలో, నర్సు చెల్లెలు మూడో అర్థంలో మాట్లాడారు గనుక ఇద్దరూ ఒకరినొకరు ఖండిస్తున్నట్లు తోచింది.

రిఫరెన్సుల వెంట నడిస్తే ఈ మాట ఎంత లోతైనదో తెలుస్తుంది. యోహాను మొదటి వచనంలో "వాక్యము" అన్న అనువాదకులు రెండో వచనంలోనే "ఆయన ఆదియందు దేవునియొద్ద ఉండెను" అని వ్యక్తిగా మార్చారు. ప్రకటన 19:13లో గుర్రమెక్కి వచ్చేవానికి "దేవుని వాక్యము అను నామము" పెట్టబడింది. అన్నిటికంటే నన్ను ఆపినది హెబ్రీయులకు 4వ అధ్యాయం. "దేవుని వాక్యము సజీవమై బలముగలదై" అనే 12వ వచనాన్ని మనం బైబిలును గురించిన మాటగానే కంఠతా పట్టాము. ఆ వచనం "శోధించుచున్నది" అని అమహద్వాచకంతో ముగుస్తుంది. వెంటనే 13వ వచనం "మరియు ఆయన దృష్టికి కనబడని సృష్టము ఏదియు లేదు" అని మొదలవుతుంది. "అది" నుండి "ఆయన"కు దాటడానికి మధ్యలో ఒక్క పూర్ణవిరామమే ఉంది. మన భాషలో క్రియ చివరనే మనిషో వస్తువో తెలిసిపోతుంది గనుక, ఈ దాటుడు తెలుగులో ఎంతో తేటగా కనిపిస్తుంది. నేను ఈ రెండు వచనాలను మా కూడికలో చదివి వినిపించినప్పుడు మాస్టారు చాలాసేపు పేజీ వైపే చూస్తూ, "నలభై ఏళ్లుగా పన్నెండో వచనం దగ్గర ఆగిపోతున్నానండీ" అన్నారు.

పాత నిబంధనలో అనువాదకులు మరో మాట వాడారు. ప్రవక్తలకు వచ్చేది "వాక్యము" కాదు, "వాక్కు": "యెహోవా వాక్కు నాకు ప్రత్యక్షమై" అని యిర్మీయా, యెహెజ్కేలు మళ్లీ మళ్లీ అంటారు. "యెహోవా వాక్కుచేత ఆకాశములు కలిగెను" అని 33వ కీర్తన. వాక్కు నోటి నుండి వెలువడేది, వినబడేది, జరిగేది. వాక్యం అనగానే ఇప్పటి పాఠకునికి బడిలో నేర్చుకున్న కర్త, కర్మ, క్రియ గుర్తుకొస్తాయి. యోహాను మొదటి వచనం పక్కన 33:6 అని పెన్సిలుతో రాసుకున్నాను. ఆ ఒక్క గుర్తుతో సృష్టికి పలికిన మాట, ప్రవక్త విన్న మాట, శరీరధారి అయిన మాట ఒకే వరుసలోకి వచ్చాయి.

20వ శతాబ్దంలో స్విస్ వేదాంతి కార్ల్ బార్త్ దేవుని వాక్యానికి మూడు రూపాలున్నాయని బోధించాడు: క్రీస్తులో బయలుపడిన వాక్యం, లేఖనాలలో రాయబడిన వాక్యం, సంఘంలో ప్రకటింపబడే వాక్యం. జర్మనీలో నాజీ ప్రభుత్వం సంఘాన్ని తన చెప్పుచేతల్లోకి తీసుకోజూసినప్పుడు, దానిని ఎదిరించిన క్రైస్తవుల నుండి 1934 మే నెలలో బార్మెన్‌లో వెలువడిన ప్రకటన, లేఖనాలు సాక్ష్యమిచ్చే యేసు క్రీస్తే మనం వినవలసిన, లోబడవలసిన ఒకే దేవుని వాక్యమని మొదటి అంశంగా చెప్పింది. ఆ ప్రకటనను తయారుచేయడంలో బార్త్‌దే ప్రధాన పాత్ర. ఈ బోధ లేఖనాన్ని తక్కువ చేస్తుందని, మనిషి చదివినప్పుడే అది దేవుని మాట అవుతుందన్న అర్థానికి దారితీస్తుందని బైబిలు అధికారమే ప్రధానమనే ఎవాంజెలికల్ పండితులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వారి అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే బార్మెన్‌లో కూడినవారు క్రీస్తును లేఖనాల నుండి విడదీయలేదన్నది గమనించాలి. "లేఖనాలు సాక్ష్యమిచ్చే" అనే మాట లేకపోతే ఆ వాక్యం నిలవదు, ఎందుకంటే ఆ కాలంలోనే యూదుల గ్రంథాలనన్నిటినీ తోసివేసి తమ ఇష్టానుసారమైన క్రీస్తును తయారుచేసుకున్నవారు జర్మన్ సంఘంలోనే ఉన్నారు.

మేము లూథరన్లము గనుక ఈ విషయంలో లూథర్ మాట మాకు మరింత దగ్గరిది. పాత నిబంధనకు 1523లో రాసిన ముందుమాటలో ఆయన, క్రీస్తు పడుకొని ఉన్న పొత్తిగుడ్డలూ తొట్టీ ఇక్కడ నీకు దొరుకుతాయని అన్నాడు. తొట్టి లేకుండా శిశువు దగ్గరకు చేరలేము. తొట్టినే శిశువని మొక్కలేము. గుంటూరుకు 1842లో అమెరికా మిషనరీ హేయర్ దొర తెచ్చిన సువార్త ఈ పోలికతోనే పెరిగి ఉండాలని నేను అనుకుంటాను. అదే లూథర్ యాకోబు పత్రికను గడ్డి పత్రిక అన్నాడని, క్రీస్తును ప్రకటించేదే అపొస్తలిక బోధ అని తూచాడని చెప్పినప్పుడు మా కూడికలో చాలామందికి కష్టం కలిగింది. నాకు కూడా కలిగింది. అయినా ఆయన యాకోబును తన బైబిలు నుండి తీసివేయలేదు. చివరన పెట్టాడు, అంతే. నర్సు చెల్లెలు అడిగిన "దేనిని దేనితో తూచాలి" అనే ప్రశ్న మన పితరులు కూడా అడిగినదే.

ఇక మాస్టారు నిలబడిన చోటికి వస్తాను. ఆయన ఆధారం 2 తిమోతి 3:16. రిఫరెన్సు బైబిళ్లు సాధారణంగా ఆ వచనం దగ్గర 2 పేతురు 1:21ని చూడమంటాయి: "మనుష్యులు పరిశుద్ధాత్మవలన ప్రేరేపింపబడినవారై దేవుని మూలముగ పలికిరి." ఈ రెండూ కలిస్తే లేఖనం పుట్టుక గురించిన బోధ నిలబడుతుంది. అయితే తిమోతి పత్రికలోని వచనాన్ని పాత అనువాదంలో నెమ్మదిగా చదవండి: "దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము ఉపదేశించుటకును, ఖండించుటకును, తప్పు దిద్దుటకును, నీతియందు శిక్షచేయుటకును ప్రయోజనకరమై యున్నది." ఇందులో మూడు చిక్కులు ఉన్నాయి.

పౌలు వాడిన గ్రీకు మాటకు దేవుడు ఊదినది, దేవుని ఊపిరి అనే అర్థం. "దైవావేశము" అనగానే ఊరి జాతరలో పూనకం వచ్చినవారు, ఒళ్లు మరచి ఊగేవారు తెలుగువాడి మనసులో మెదులుతారు. మనిషి తెలివిని అణచివేసి దేవుడు పలికించాడన్న భావం ఆ మాటతోనే వచ్చేస్తుంది. కానీ లూకా తన సువార్త మొదటి నాలుగు వచనాలలో తాను మొదటి నుండి విచారించి వరుసగా రాస్తున్నానని చెబుతాడు. పౌలు తాను ఎవరెవరికి బాప్తిస్మమిచ్చాడో కొరింథీయులకు రాస్తూ మధ్యలో జ్ఞాపకం చేసుకుంటాడు. వీరెవరూ పూనకంలో లేరు. "దేవుని నోటనుండి వచ్చు ప్రతి మాటవలనను" అనే మత్తయి 4:4 ఆ గ్రీకు మాటకు నాకు దగ్గరగా తోస్తుంది. రెండోది, గ్రీకు వాక్యానికి రెండు విధాలుగా అన్వయం కుదురుతుంది. ప్రతి లేఖనమూ దేవుని ఊపిరితో కలిగినది, ప్రయోజనకరమైనది అన్నది ఒకటి. దేవుని ఊపిరితో కలిగిన ప్రతి లేఖనమూ ప్రయోజనకరమైనది అన్నది మరొకటి. మన అనువాదకులు రెండోదానిని తీసుకున్నారు. ఆ వాక్యం ప్రకారం ఇక్కడ చెప్పబడుతున్నది లేఖనం దేనికి పనికివస్తుందన్న విషయం. దాని పుట్టుక విశేషణంగా ఉంది. మూడోది "శిక్షచేయుట". పాత తెలుగులో శిక్ష అంటే శిక్షణ, నేర్పు. ఈనాటి యువకుడు దానిని దండన అని చదువుతాడు. లేఖనాన్ని పిల్లల మీద బెత్తంలా వాడిన పెద్దలు ఈ మాటనే చూపించడం నేను నా చిన్నతనంలో చూశాను. ఆ గాయం మానని ఒక స్నేహితుడు ఇప్పటికీ గుడికి రాడు. ఒక గ్రంథం మీద గౌరవం ఉన్నప్పుడు అందులోని మాట ఇప్పటివారికి ఏ అర్థంలో వినబడుతున్నదో కూడా పట్టించుకోవాలి. ఈ ప్రతిలో ఆ వచనం దగ్గర ఎటువంటి గమనికా లేదు.

బైబిలులో ఏ తప్పూ లేదన్న బోధను 1978లో చికాగోలో కూడిన ఎవాంజెలికల్ నాయకులు 19 అంశాలుగా ప్రకటించారు. మన ప్రాంతపు బైబిలు కళాశాలల్లో చదివిన పాస్టర్లు చాలామందికి ఆ ప్రకటన పరిచయమే. అందులో పదవ అంశం చాలామంది మరచిపోయేది: దైవప్రేరణ అనేది మొదట రాయబడిన మూలప్రతులకు చెందినదని, నకళ్లూ అనువాదాలూ మూలాన్ని ఎంత నమ్మకంగా తెలియజేస్తే అంత మేరకు దేవుని వాక్యమని అది చెబుతుంది. అంటే ఆ ప్రకటనను అంగీకరించేవారు కూడా తెలుగు అనువాదంలోని ప్రతి మాటనూ తప్పులేనిదని అనరు. మాస్టారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన బాధపడతారని భయపడ్డాను. ఆయన మాత్రం, "అలాగైతే అనువాదాన్ని మరింత జాగ్రత్తగా చూడవలసిన బాధ్యత మనకుంది" అన్నారు.

ఈ ప్రతి తన పరిమితిని అత్యంత స్పష్టంగా బయటపెట్టే చోటు మరొకటి ఉంది. మా అమ్మ పుట్టిల్లు కతోలికులు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు అక్కడి వాళ్ల ప్రార్థనలు చూసి, "ఇవి బైబిల్లో ఎక్కడున్నాయి తాతయ్యా?" అని అడిగేవాడిని. "బైబిలు ఇచ్చిన సంఘాన్ని అడగరా" అనేవారు ఆయన. ఆ జవాబు అప్పట్లో నాకు మొండితనంగా తోచేది. ఈ ఏడాది మార్కు 7:8 చదివాను: "మీరు దేవుని ఆజ్ఞను విడిచిపెట్టి, మనుష్యుల పారంపర్యాచారమును గైకొనుచున్నారు." తరువాత 2 థెస్సలొనీకయులకు 2:15: "మా నోటిమాటవలననైనను మా పత్రికవలననైనను మీకు బోధింపబడిన విధులను చేపట్టుడి." 1 కొరింథీయులకు 11:2లో "నేను మీకు అప్పగించిన కట్టడలను". పారంపర్యాచారము, విధులు, కట్టడలు అనే ఈ మూడు తెలుగు మాటల వెనుక గ్రీకులో ఉన్నది ఒకే మాట, పారదోసిస్: ఒకరి చేతి నుండి మరొకరి చేతికి అప్పగించబడినది. పరిసయ్యులది అయినప్పుడు అది పారంపర్యాచారమైంది; అపొస్తలులది అయినప్పుడు విధి, కట్టడ అయింది.

అనువాదకులు మోసం చేశారని నేను అనను. సందర్భాన్ని బట్టి మాట మార్చడం ప్రతి అనువాదకుడూ చేసే పనే. అయితే నోటిమాటగా అప్పగించబడినదానికి పౌలు ఇచ్చిన గౌరవం తెలుగు పాఠకునికి కనబడకుండా పోయింది. కతోలికుల ట్రెంట్ సభ 1546 ఏప్రిల్‌లో లేఖనాలనూ అపొస్తలుల పారంపర్యాన్నీ సమానమైన భక్తితో స్వీకరిస్తున్నామని చెప్పినప్పుడు, రెండవ వాటికన్ సభ 1965 నవంబరు 18న వెలువరించిన శాసనంలో ఆ రెండూ కలిసి దేవుని వాక్యమనే ఒకే నిధి అని చెప్పినప్పుడు, వారి చేతిలో ఉన్నవి ఈ వచనాలే. అదే శాసనం, బోధించే అధికారం దేవుని వాక్యానికి పైన లేదని, దానికి సేవ చేస్తుందని కూడా స్పష్టంగా చెప్పింది. నేను ఇప్పటికీ ప్రొటెస్టెంటునే; మార్కు 7 హెచ్చరిక ఏ సంఘానికైనా, మా సంఘానికి కూడా, వర్తిస్తుందని నమ్ముతాను. కానీ తాతయ్య జవాబు మొండితనం కాదని, దానికి లేఖనంలోనే వేరు ఉందని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. "లేఖనమే లేఖనాన్ని విప్పుతుంది" అనే పద్ధతి మూలభాషలో పనిచేసినట్లు అనువాదంలో ఎల్లప్పుడూ పనిచేయదు, ఎందుకంటే ముడి వేసిన దారం అనువాదంలో రంగు మారి ఉంటుంది.

బైబిలులో ఏయే గ్రంథాలు ఉండాలన్న ప్రశ్న దగ్గరకు కూడా ఈ వివాదమే వెళుతుంది. నా ప్రతిలో 66 గ్రంథాలు; మా మేనమామ ఇంట్లోని కతోలిక బైబిలులో 73. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు అక్కడ ఉన్నవి, ఇక్కడ లేనివి. లూథర్ 1534లో ముద్రించిన జర్మన్ బైబిలులో అపోక్రిఫా అనే ఈ భాగాన్ని తీసివేయలేదు. లేఖనాలతో సమానం కాకపోయినా చదవడానికి మంచివని చెప్పి రెండు నిబంధనల మధ్య ఉంచాడు. 1804లో స్థాపించబడిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీలో వాటిని ముద్రించాలా వద్దా అని పెద్ద వివాదం చెలరేగి, తమ నిధులతో ముద్రించే ప్రతులలో అవి ఉండరాదని 1820లలో నిర్ణయించారు. ప్రపంచమంతటా మిషన్ల ద్వారా వెళ్లిన ప్రొటెస్టెంటు బైబిళ్ల రూపాన్ని ఆ నిర్ణయం స్థిరపరచింది. దుకాణంలో బైబిలు కొనేవాడు తనకు తెలియకుండానే ఈ వివాదంలో ఒక పక్షాన నిలబడుతున్నాడు. నా ప్రతి ముందుమాటలో దీని గురించి ఒక్క పేరా ఉన్నా ఎంతో మేలు జరిగేది.

పాఠభేదాల గురించి కూడా ఇదే నా ప్రధానమైన ఫిర్యాదు. త్రిత్వాన్ని గురించి ఒక యువకునికి వివరిస్తూ, ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదంలో 1 యోహాను 5:7లో ఉన్న "తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ" అనే సాక్షుల మాటను తెలుగులో చూపించబోయాను. అక్కడ లేదు. పాత అనువాదంలో సాక్ష్యమిచ్చేవారు "ఆత్మయు, నీళ్లును, రక్తమును" మాత్రమే. "మన తెలుగు బైబిల్లో వచనం ఎవరు తీసేశారన్నా?" అని అతడు కంగారుపడ్డాడు. ఎవరూ తీసివేయలేదు. డచ్ పండితుడు ఎరాస్మస్ 1516లోను, 1519లోను ముద్రించిన గ్రీకు కొత్త నిబంధనలో ఆ మాట లేదు, ఎందుకంటే ఆయన చూసిన గ్రీకు చేతిరాత ప్రతులలో అది లేదు. ఒత్తిడి వచ్చిన తరువాత 1522 ముద్రణలో చేర్చాడు, అక్కడి నుండి అది 1611 ఇంగ్లీషు అనువాదానికి చేరింది. మన అనువాదకులు పాత చేతిరాత ప్రతుల సాక్ష్యాన్నే అనుసరించి నిజాయితీగా పనిచేశారు. అంత నమ్మకమైన పని చేసి, ఆ సంగతిని పేజీ అడుగున ఒక్క పంక్తిలో చెప్పకపోవడం వలన, వారి నిజాయితీయే ఈనాడు దొంగతనంలా కనిపిస్తున్నది. ఇలాంటి సంగతులను విశ్వాసి మొదట తన సంఘంలో, తన బైబిలులో తెలుసుకోవాలి. విశ్వాసాన్ని ఎగతాళి చేసేవారి నోట మొదటిసారి విన్న పిల్లలు ఎంత కదిలిపోతారో నేను సండే స్కూలులో చూస్తున్నాను.

గమనికలు కావాలంటున్నాను గాని, ఎటువంటి గమనికలు అనేది ముఖ్యం. 1560 నాటి ఇంగ్లీషు జెనీవా బైబిలులో పేజీ అంచుల నిండా వ్యాఖ్యలు ఉండేవి. వాటిలో కొన్ని రాజులను ఎదిరించడాన్ని సమర్థిస్తున్నాయని తరువాత ఇంగ్లండు రాజైన జేమ్స్‌కు కోపం వచ్చింది. అందుకే 1604లో మొదలైన కొత్త అనువాదంలో, అంటే కింగ్ జేమ్స్ అనువాదంలో, హెబ్రీ, గ్రీకు మాటలను వివరించడానికి తప్ప అంచున వ్యాఖ్య ఏదీ రాయకూడదని నియమం పెట్టారు. రాజు ఉద్దేశం ఏదైనా ఆ నియమం మంచిదని నా అభిప్రాయం. ఈ మధ్య తెలుగులో వచ్చే వ్యాఖ్యాన బైబిళ్లలో సగం పేజీ వచనం, సగం పేజీ వ్యాఖ్య. కొన్నాళ్లకు పాఠకుని జ్ఞాపకంలో రెండూ కలిసిపోతాయి, వ్యాఖ్యాత మాటకు పౌలు అధికారం వచ్చేస్తుంది. యేసు పలుకులను ఎరుపు అక్షరాలలో ముద్రించే పద్ధతి కూడా అటువంటిదే. 1899లో అమెరికాలో మొదలైన ఆ అలవాటు భక్తితో పుట్టినదే గాని, గ్రీకులో కొటేషన్ గుర్తులు లేవు గనుక యోహాను 3:16 యేసు పలికినదా, సువార్తికుడు రాసినదా అన్నది ముద్రాపకుడే తేల్చవలసి వస్తుంది. వీటితో పోల్చినప్పుడు, అంకెలు తప్ప మరేమీ చెప్పని ఈ రిఫరెన్సు ప్రతి వినయమైనది. నేను దీనిని ఇష్టపడటానికి మొదటి కారణం అదే.

రెండో కారణం భాష. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు, వారికి తోడైన ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి మొదలుకొని ఎందరో చేతులు వేసిన పని ఇది. మత్తయి 5:18లో హెబ్రీ లిపిలోని అతి చిన్న అక్షరాన్ని గురించి ప్రభువు చెప్పిన మాటను "యొక పొల్లయినను ఒక సున్నయైనను తప్పిపోదని" అని తెలుగు చేశారు. హెబ్రీ అక్షరం పేరు చెప్పి ఉంటే మనకు వివరణ కావలసి వచ్చేది. పొల్లూ సున్నా అనేసరికి పలక మీద అక్షరాలు దిద్దిన ప్రతివాడికీ అర్థమైంది. అక్షరం కూడా మారదని చెప్పే వచనాన్నే, అక్షరాలను మార్చి, భావాన్ని కాపాడి, మన చేతికి ఇచ్చారు. అనువాదంలో అధికారం అంటే ఏమిటో నాకు ఈ వచనం నేర్పినంతగా మరే వ్యాసమూ నేర్పలేదు.

ఒక మాట మన ప్రాంతపు సంఘాల గురించి చెప్పాలి. లేఖనం చాలునా, దేవుడు ఇప్పటికీ నేరుగా మాట్లాడతాడా అనే ప్రశ్న ఇక్కడ పుస్తకాల ప్రశ్న కాదు. మా లూథరన్ సంఘంలోనే పనిచేసిన దేవదాసు అయ్యగారు, తనకు దేవుడు బయలుపరచాడన్న మాట మీద 1938లో బైబిలు మిషనును ఆరంభించారు. దర్శనం, దేవుని సన్నిధిలో కనిపెట్టడం, అంటే ఆయన మాట కోసం ఎదురుచూడడం, అయ్యగారి బోధలో పెద్ద స్థానం పొందాయి. హైదరాబాదులో హెబ్రోను కేంద్రంగా బోధించిన బక్త్ సింగ్ గారు ప్రతి పనికీ బైబిలులో మాదిరి ఉండాలని పట్టుబట్టారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన రాజ్యాంగంలో లేఖనాలను విశ్వాసానికి అత్యున్నతమైన, నిర్ణాయకమైన ప్రమాణంగా అంగీకరిస్తూ, వాటి బోధను బట్టి తనను తాను దిద్దుకోవడానికి సంఘం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని చేర్చింది. ఆ చివరి మాట నాకు ఎంతో నచ్చింది. "దేవుడు నాతో ఇలా చెప్పాడు" అని వేదిక మీద నుండి ఎవరైనా అన్నప్పుడు, పౌలు బోధ నిజమేనా అని లేఖనాలను వెదకిన బెరయ వారివలె ఇంటికి వెళ్లి పరిశోధించడానికి సామాన్యునికి ఒక పనిముట్టు కావాలి. ఈ ప్రతి ఆ పనికి సరిపోతుంది. ప్రసంగికుడు చెప్పిన వచనం పక్కన ఉన్న నాలుగు చిరునామాలు చూస్తే చాలు, ఆ వచనం ఆయన చెప్పినంత దూరం వెళుతుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

కొనదలచినవారికి నేను చెప్పేది ఇది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు, ఈ పాత భాష అలవాటు లేనివారు మొదట వాడుక భాషలోని అనువాదంతో ప్రారంభించి, కథాగమనం తెలిసిన తరువాత దీనికి రావాలి. బోధించేవారు, సండే స్కూలు నడిపేవారు, కూడికల్లో వాదోపవాదాలు ఎదురయ్యేవారు తప్పకుండా తీసుకోవాలి. అయితే దీని పక్కన మరొక తెలుగు అనువాదం, వీలైతే అడుగు గమనికలున్న ఇంగ్లీషు ప్రతి ఒకటి పెట్టుకోవాలి. పెద్ద అక్షరాల ప్రతి దొరికితే బరువైనా అదే మేలు. మార్కు 7:8, 2 థెస్సలొనీకయులకు 2:15, 1 కొరింథీయులకు 11:2 ఒకదాని పక్కన ఒకటి మీరే పెన్సిలుతో రాసుకోండి.

మా కూడికలో ఇప్పుడు నలుగురి దగ్గర ఈ ప్రతి ఉంది. మాస్టారు తన మాట మార్చుకోలేదు, నర్సు చెల్లెలూ మార్చుకోలేదు. పోయిన గురువారం హెబ్రీయులకు మొదటి అధ్యాయం మొదలుపెట్టాము: ప్రవక్తల ద్వారా నానావిధములుగా మాటలాడిన దేవుడు "ఈ దినముల అంతమందు కుమారుని ద్వారా మనతో మాటలాడెను" అనే వచనం. దాని పక్కనున్న రిఫరెన్సులను ఆయన చదువుతుంటే ఆమె పేజీలు తిప్పి చూపించింది, కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చిన ఆయనకు అక్షరం ఆనని చోటల్లా ఆమే చదివింది. రెండు వచనాలు దాటడానికి గంటన్నర పట్టింది. మూడో వచనం వచ్చే వారం.